వయసు లెక్కా? మూత్రపిండాల లెక్కా?

వార్డులో నేను తరచు వినే ప్రశ్న ఒకటుంది: "డెబ్బై అయిదేళ్ళొచ్చాయి, ఈ వయసులో ఇంకా మందులెందుకండీ డాక్టరుగారూ?" అడిగేది రోగి కాదు, ఎక్కువగా కొడుకులే. దానికి జవాబుగా ఈ నాలుగు మాటలు.

మూత్రాశయం కేన్సరు ముఖ్యంగా పెద్దవాళ్ళ జబ్బు. పొగతాగడం పెద్ద కారణం. పొగలోని విషాలు రక్తంలో కలిసి, మూత్రపిండాల్లో వడపడి, గంటల తరబడి మూత్రాశయంలో నిలవుంటాయి. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటం తరచు మొదటి సూచన. మనవాళ్ళు "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. రక్తం ఓసారి పడి ఆగిపోవచ్చు. జబ్బు మాత్రం ఆగదు.

జబ్బు ముదిరి ఇతర అవయవాలకు పాకాక, మూత్రాశయాన్ని తీసేసినంత మాత్రాన నయం కాదు. రక్తంతోపాటు ఒళ్ళంతా తిరిగే మందు కావాలి. చాలా ఏళ్ళు ఆ స్థానం సిస్‌ప్లాటిన్‌ది. అమెరికాలో 1978లో అనుమతి పొందిన ఈ మందుతో ఒక పేచీ ఉంది: మూత్రపిండాలు గట్టిగా ఉండాలి. చెవుడు, కాళ్ళ తిమ్మిర్లు, గుండె బలహీనత ఉన్నా చిక్కే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1 అని వస్తే "బాగానే ఉంది" అనుకుంటారు. కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు 1976లో ఇచ్చిన సూత్రం చూడండి. 140లోంచి వయసు తీసేసి, మిగిలినదాన్ని బరువుతో హెచ్చించి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్ళకయితే మళ్ళీ 0.85తో హెచ్చించాలి. 75 ఏళ్ళ మగమనిషి బరువు 70 కిలోలయితే వచ్చేది 63. బక్కచిక్కి 50 కిలోలే ఉంటే 45! సిస్‌ప్లాటిన్‌కి సాధారణంగా 60 కావాలంటారు. కండ తక్కువైతే క్రియాటినిన్ కూడా తక్కువే పుడుతుంది; అందుకే పైకి అంతా బాగున్నట్టు కనబడుతుంది.

మరి రెండో ఆయనకి దారి లేదా? ఉంది. జెమ్‌సైటబిన్‌తో కార్బోప్లాటిన్ ఇవ్వవచ్చు. 2023లో మరో మేలు వార్త వచ్చింది. ఎన్‌ఫార్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ కలిపి ఇస్తే, సగటు రోగి ఆయుర్దాయం పాత పద్ధతిలో 16 నెలలుండగా 31 నెలలయింది. మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నవాళ్ళకీ ఇది పనికొస్తుంది. అయితే ఒంటిమీద దద్దుర్లు, తిమ్మిర్లు, షుగరు పెరగడం కనిపెట్టి చూడాలి. ఖరీదు కూడా తక్కువేమీ కాదు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది మనిషిని. నడవగలుగుతున్నాడా, తింటున్నాడా, జ్ఞాపకం ఎలా ఉంది, ఇంట్లో తోడెవరు? మందులకు తట్టుకోలేడనిపిస్తే, రక్తం ఆపడానికి కొద్దిరోజుల రేడియేషను, నొప్పికి మార్ఫిన్ ఉన్నాయి. అదీ వైద్యమే, చేతులెత్తెయ్యడం కాదు.

మిత్రులారా! మీ ఇంట్లో ఇలాంటి కష్టం వస్తే, పుట్టినతేదీ చూసి తీర్పు చెప్పకండి. పై లెక్క వేయించండి. తర్వాత ఏం కావాలో తాతయ్యనే అడగండి. వినబడకపోతే కాస్త గట్టిగా అడగండి.