నాలుకతో చదువుకునే పాము

సికింద్రాబాద్‌లోని బోయిన్‌పల్లి మార్కెట్ యార్డుకి తెల్లారకముందే కూరగాయల లారీలు వచ్చి చేరతాయి. కుళ్లినవాటిని పారేయకుండా కరెంటు తయారుచేస్తున్న మార్కెట్‌గా 2021లో దేశమంతా దీని పేరు విన్నది. కూరగాయలున్న చోట ఎలుకలు, పందికొక్కులు తప్పవు. అవి ఉన్న చోటికి జెర్రిపోతు రాకా తప్పదు. పొద్దెక్కి ఒళ్లు వెచ్చబడ్డాక గోడవారగా సాగే జెర్రిపోతుని నిలబడి చూడండి. తనకన్నా ముందు నాలుకని పంపుతుంది. చీలిన రెండు కొనలు గాలిలో పైకీ కిందికీ ఆడి, నేలని ముట్టుకుని, లోపలికి వెళ్తాయి. అవి మోసుకొచ్చిన వాసన అంగిట్లోని జేకబ్‌సన్ అవయవానికి అందుతుంది. ఏ కొనకి ఎక్కువ వాసన తగిలితే పాము దారి అటు తిరుగుతుంది. ఎలుక ఎప్పుడో వెళ్లిపోయినా దాని జాడ నేల మీద ఇంకా ఉంటుంది, ఆ జాడ పాముకి చాలు.

ఇందులో కొంత పుట్టుకతోనే వస్తుంది. గోర్డన్ బర్గార్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త 1967లో ఒక ముచ్చటైన సంగతి బయటపెట్టారు. అప్పుడే పుట్టి, ఇంకా ఏమీ తినని గార్టర్ పాము పిల్లల ముందు వానపాము వాసన అద్దిన దూదిపుల్ల పెడితే, అవి గబగబా నాలుకలాడించి దాని మీదికి దూకాయి. తల్లి నేర్పలేదు, తిన్న అనుభవమూ లేదు. అయినా తిండి ఏదో వాటికి తెలుసు.

అయితే పాముకి తెలిసిందంతా పుట్టుకతో వచ్చిందేనా? పెంపుడు పాములున్నవాళ్లు కాదంటారు, వాళ్ల మాట నిజం. బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువని తీసుకోండి. ఫ్రీజర్‌లోంచి తీసిన ఎలుకని వేడినీళ్లలో నానబెట్టి, వెచ్చగా అయ్యాక పొడవాటి పట్టకారుతో అందిస్తారు. దాని పెదవుల అంచున వరసగా చిన్న గుంటలుంటాయి, ఎదుటి ఒంటి వేడిని అవి చీకట్లోనూ పసిగడతాయి. అందుకే చల్లటి ఎలుక దానికి ఎలుకలా తోచదు. వారం వారం దాని పెట్టె తలుపు తెరిచి తిండి పెడుతూ పోతే, కొన్నాళ్లకి ఆ తలుపు కదిలితే చాలు, చుట్టలోంచి తల లేస్తుంది. మెడ వంపు తిరుగుతుంది, నాలుక జోరందుకుంటుంది. ఆ రోజు మనం నీళ్ల గిన్నె మార్చడానికే చెయ్యి పెట్టామనుకోండి, కాటు పడినా పడొచ్చు. అది కోపం కాదు. మనమే నేర్పిన పాఠాన్ని అది బాగా నేర్చుకుందంతే. అందుకే అనుభవమున్నవాళ్లు చెయ్యి పెట్టేముందు కొక్కెం కర్రతో ఒంటిని మెల్లగా తాకుతారు. తాకితే తిండి లేదని అర్థం. ఆ గుర్తునీ పాము నేర్చుకుంటుంది, మెడ వంపు సడలుతుంది.

ప్రయోగాలూ ఇదే చెబుతున్నాయి. 1999లో అచ్చయిన ఒక పరిశోధన కోసం రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ హోల్ట్‌జ్‌మన్ కార్న్ స్నేక్ పిల్లల్ని వెలుతురు పడే ఒక తొట్టిలో వదిలారు. అడుగున ఎనిమిది రంధ్రాలు, దాక్కోవడానికి వీలున్నది ఒక్కటే. మొదటి రోజు దాన్ని వెతకడానికి సగటున 700 సెకన్లకు పైగా పట్టింది, నాలుగో రోజుకి అది 400 సెకన్లకు దిగింది. ఫ్లోరిడాలో ఇంకో అడుగు ముందుకు వేశారు. అక్కడి చిత్తడి అడవుల్లో పట్టిన బర్మా కొండచిలువలకి, దీపం వెలిగిన మీటని ముట్టెతో నొక్కితే ఎలుక వస్తుందని నేర్పారు. 2015లో అచ్చయిన ఆ పరిశోధన చదివితే నాకు ఆశ్చర్యంతో పాటు బాధా కలుగుతుంది. ఆ కొండచిలువలు అక్కడి అడవికి చెందినవి కావు. పెంచుకోవడానికి తెచ్చి, పెద్దవయ్యాక విసిగి వదిలేసిన వాటి సంతతి అవి.

మన దగ్గర ‘పాము పగ పడుతుంది’ అని నమ్మే ఊళ్లు ఇంకా ఉన్నాయి. పగకి కావలసినంత జ్ఞాపకం ఇచ్చేసి, తిండి వేళని గుర్తుంచుకునే పాటి తెలివి మాత్రం లేదంటాం. నిజం దీనికి తలకిందులు. పగ లేదు, నేర్పు ఉంది. నాగస్వరానికి నాగుపాము ఆడుతుందన్న మాటా అంతే. అది ఊదేవాడి బూర కదలికని కాచుకుని చూస్తుంది. అలాగని పాము చెవిటిదేమీ కాదు. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టినా జ్డెనెక్ బృందం 19 పాములకి గదిలో చప్పుళ్లు వినిపించి చూసింది. 2023లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం నేల అదరకుండా గాలిలో వచ్చే శబ్దానికీ అవి కదిలాయి. వోమా కొండచిలువలు చప్పుడు వైపు సాగితే, విషపాములైన తైపాన్లు దూరం జరిగాయి.

నేర్చుకోగల ప్రాణి అని తెలిశాక, దాన్ని బుట్టలో పెట్టి ఎండబెట్టడం మరీ కష్టంగా తోస్తుంది. నాగపంచమికి బుట్టలోంచి తీసే నాగుపాము పాలు తాగుతుందంటే కారణం భక్తి కాదు, దాహం. నీళ్లు లేకుండా ఉంచుతారు, కోరలు పీకేస్తారు. ఇలాంటి పాముల్ని అటవీశాఖతో కలిసి విడిపించే పనిలో ఉన్నది ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ. 1995లో మొదలైంది. హైదరాబాద్, సికింద్రాబాద్ ఇళ్లలో ఏటా పది వేలకు పైగా పాముల్ని పట్టి, బౌరంపేట కేంద్రంలో చూసుకుని అడవికి చేరుస్తోంది. వాటిలో సుమారు సగం నాగుపాములే. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం మన నాగుపాముని గానీ జెర్రిపోతుని గానీ ఇంట్లో పెంచడం నేరం. బాల్ పైథాన్‌లాంటి విదేశీ పాముకైనా 2024 నిబంధనల కింద కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

బోయిన్‌పల్లి వీధుల్లో మాత్రం పాముకి తిండి గుర్తులు మనమే రోజూ పెడుతున్నాం. మెట్ల కింద ఒలికిన బియ్యం, మూతలేని చెత్తడబ్బా, గోడకి ఆనించిన పాత కర్రలు. ఎలుక వాటి కోసం వస్తుంది, దాని జాడ పట్టుకుని జెర్రిపోతు వస్తుంది. కనిపిస్తే నాలుగడుగులు వెనక్కి వేసి, పట్టేవాళ్లకి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా అది ఎటు పోతుందో దూరం నుంచి చూస్తే చాలు. కర్ర అక్కర్లేదు.