లావు అక్షరం లోపలి తెలుపు

పలాస జీడిపప్పు పెట్టెల మీద డబ్ల్యూ 210, డబ్ల్యూ 240 వంటి గుర్తులుంటాయి. పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే అంకెలవి. అంకె చిన్నదైతే పప్పు పెద్దది, ధర ఎక్కువ. ఆ రెండు రకాలకూ తేడా చూపేది మధ్యలోని ఒక్క అంకె. గోదాము చీకట్లో, సిరా కాస్త పాకినా దాన్ని తప్పుగా చదవడానికి వీలుండకూడదు. దూరం నుంచి, గరుకు కాగితం మీద చదివించే ఇలాంటి పనికే రెండు వందల ఏళ్ళ కిందట లండన్‌లో ఒక అక్షరం పుట్టింది. దాని పేరు స్లాబ్ సెరిఫ్.

అప్పటి పుస్తకాల అక్షరాలకు వెంట్రుకంత సన్నని పాదాలు (సెరిఫ్‌లు) ఉండేవి. గోడ మీద ప్రకటనకు అవి ఆనలేదు. 1815 ప్రాంతంలో విన్సెంట్ ఫిగిన్స్ గీతలనూ పాదాలనూ దాదాపు ఒకే మందంలో పోతపోశాడు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ కొయ్యను యంత్రంతో తొలిచి అక్షరాలు చేయడం మొదలుపెట్టాక, సీసంతో చేస్తే మోయలేనంత పెద్ద అక్షరాలు కూడా చౌకగా అచ్చయ్యాయి. 1845లో రాబర్ట్ బెస్లీ తెచ్చిన క్లారెండన్ అనే అక్షరశైలి, పాదాన్ని వంపుతో గీతకు కలిపింది. మామూలు వాక్యం మధ్యలో ఒక మాటను ఎత్తి చూపడం దాని పని, అందుకే నిఘంటువుల్లో కుదురుకుంది. దాని రూపానికి చట్టం ఇచ్చిన రక్షణ మూడేళ్ళే. గడువు తీరగానే అక్షరాలు పోసే మిగతా ఫౌండ్రీలు దాన్ని అనుకరించాయి.

పాదం అలంకారం కాదు. టైప్‌రైటర్‌లో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు చోటు. సన్నని ఇంగ్లిష్ 'ఐ' (i) పక్కన ఖాళీ మిగలకుండా పాదాలే నింపుతాయి. ఒకటి అంకెకు అడుగున పాదముంటే అది ఏడులా కనబడదు.

తెలుగు అక్షరానికి అలాంటి పాదాల్లేవు. గుండ్రటి ఒళ్ళు, పైన తలకట్టు, కింద ఒత్తు. లావు చేస్తే సిరా లోపలికే చొచ్చుకొస్తుంది. 'ఉద్దానం' అని రాసి చూడండి. గీత మందమయ్యేకొద్దీ 'ద' పొట్ట మూసుకుంటుంది, కింది ఒత్తు ముద్దకడుతుంది. 'ద'కూ 'ధ'కూ తేడా అడుగున ఉన్న చిన్న గీతే. ఆ ముద్దలో అది ఉందో లేదో తెలియదు. 'టెక్కలి'లో ఎత్వం పైకి పోతే ఒత్తు కిందికి దిగుతుంది. ఆ రెంటికీ చోటివ్వాలంటే నడుమ ఉన్న అక్షరాలు సర్దుకోవాలి. అందుకే నేర్పరి అన్ని గీతలనూ సమానంగా బలిపించడు. గీతలు కలిసే చోట సన్నబరుస్తాడు, అక్షరాన్ని అడ్డంగా విప్పుతాడు, లోపలి తెలుపును కాపాడతాడు.

సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందించిన ఖతుల్లో (ఫాంట్లలో), పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించిన 'రామభద్ర' ఇలాంటి బరువైన అక్షరమే. శీర్షికలకూ పోస్టర్లకూ బాగా నప్పుతుంది. అదే వరుసలో 'గిడుగు' కూడా ఉంది. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పేరది. చదువు జనానికి అందే మాటల్లో ఉండాలని పోరాడిన మనిషి పేరు పెట్టుకున్నాక, ఆ అక్షరం దారినపోయే వాడికి కూడా అందాలి.

కనుక పలాస బజారులో బోర్డు రాయించేవారు, పంచాయతీ గోడ మీద నీటి గురించి, వైద్యం గురించి ప్రకటన వేయించేవారు ఖతి ఎంచుకునే ముందు 'ఉద్దానం', 'టెక్కలి' అని అచ్చు తీసి రోడ్డుకు అవతల నిలబడి చదవాలి. ఒత్తులు విడివిడిగా కనిపిస్తే ఆ లావు పనికొచ్చినట్టు. లేకపోతే ఎంత నల్లగా ఉన్నా ఆ అక్షరం మార్చాల్సిందే.