బొర్రా గుహను ముట్టుకుంటే ఏమవుతుంది?

ముందుగా మీ బడి ప్రయోగశాలలో ఒక చిన్న పని చేయండి. పరీక్షనాళికలో సగం వరకు తేరిన సున్నపుతేట తీసుకోండి. దానికి అంతే నీరు కలిపి పలుచన చేయండి. గాజు గొట్టంతో అందులోకి మెల్లగా ఊదండి. (పీల్చకండి సుమా!) కాసేపటికి తేట పాలలా తెల్లబడుతుంది. ఇది మీకు చిన్న తరగతుల నుంచీ తెలిసిన సంగతే. చాలామంది అక్కడితో ఆపి నాళిక కడిగేస్తారు. మీరు ఆపకండి. ఇంకా ఊదుతూనే ఉండండి. దీనికి ఓపిక కావాలి. అంత ఓపిక లేనివారు పాలరాతి ముక్కల మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, వచ్చే వాయువును తేటలోకి పంపవచ్చు. కొంతసేపటికి ఆ తెలుపు విరిగి నీరు మళ్లీ తేటగా కనిపిస్తుంది. ఇప్పుడు ఆ నాళికను దీపం మీద వేడి చేయండి. పోయిన తెలుపు తిరిగి వస్తుంది!

ఇందులో జరిగినది ఏమిటి? మొదట ఏర్పడిన తెలుపు కాల్షియం కార్బొనేటు. అది నీటిలో కరగదు. బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడు, ఇంకా ఎక్కువైనప్పుడు అది కాల్షియం బైకార్బొనేటుగా మారి కరిగిపోయింది. వేడి చేయగానే ఆ వాయువు తప్పించుకుపోయింది. కార్బొనేటు మళ్లీ మిగిలింది. వాయువు చేరితే కరగడం, వాయువు పోతే పేరుకోవడం. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే బొర్రా గుహలు ఎలా పుట్టాయో, ఎలా పాడవుతాయో రెండూ తెలిసిపోతాయి.

బొర్రా గుహలు విశాఖపట్నానికి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, అనంతగిరి కొండల్లో, సముద్రమట్టానికి 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. 2022లో జిల్లాలు మారినప్పటి నుంచి ఈ ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. ఈ గుహలను 1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన ఒక ఆంగ్లేయుడు కనుగొన్నాడని చాలా పుస్తకాల్లో చదువుతారు. ఆ సంస్థ పుట్టింది 1851లో! పుట్టని సంస్థలో ఉద్యోగి ఎలా ఉన్నాడో మీరే చెప్పండి. అచ్చులో ఉన్నంత మాత్రాన ఏ సంఖ్యనూ నమ్మకూడదని నా విద్యార్థులకు ఈ ఉదాహరణే చూపుతుంటాను. అయినా ‘కనుగొనడం’ ఏమిటి? కొండమీద ఆవులు మేపుకునే గిరిజనులకు ఈ గుహ ఎప్పటినుంచో తెలుసు. పైకప్పు కన్నంలోంచి ఒక ఆవు లోపల పడిపోయిందనీ, దాన్ని వెతుకుతూ దిగిన కాపరికి శివలింగం కనిపించిందనీ వారి కథ. కొండల నడుమ పారే నదికి గోస్తని అనే పేరు రావడానికి కూడా ఆ ఆవే కారణమంటారు.

ఇక గుహ పుట్టుక చూద్దాం. ఈ కొండల్లో సున్నపురాయి జాతి శిలలు ఉన్నాయి. వాన నీరు నేలలోకి దిగేటప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటుంది. మట్టిలో ఆ వాయువు ఎక్కడిది? చెట్ల వేళ్లూ, కుళ్లే ఆకులను తినే సూక్ష్మజీవులూ విడిచినది. అందుచేత మట్టిలోని గాలిలో అది బయటి గాలిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అలా పులుపెక్కిన నీరు రాతి పగుళ్లలోకి దిగి, రాతిని కరిగించుకుంటూ పోతుంది. వేల, లక్షల సంవత్సరాలు అలా కరిగితే గుహ. అదే నీరు గుహ కప్పు నుంచి చుక్కగా వేలాడినప్పుడు, గుహ గాలిలో వాయువు తక్కువ కాబట్టి, చుక్కలోని వాయువు బయటికి పోతుంది. మీ పరీక్షనాళికలో దీపం చేసిన పనిని ఇక్కడ గాలి చేస్తుంది. చుక్క కింద పడే ముందు కప్పుకు రవ్వంత కార్బొనేటు అంటించి పోతుంది. కింద పడ్డాక నేలమీద ఇంకొంత వదులుతుంది. పైనుంచి దిగేవి స్టాలక్టైటులు, కిందినుంచి లేచేవి స్టాలగ్మైటులు. రెండూ కలిస్తే స్తంభం.

ఎంత వేగంగా పెరుగుతాయి? చోటును బట్టి మారుతుంది గాని, సాధారణంగా సంవత్సరానికి మిల్లీమీటరులో పదో వంతు అనుకోండి. అంటే సెంటీమీటరుకు నూరేళ్లు. మీ జానెడు పొడవున్న స్టాలక్టైటు మొదటి చుక్కతో మొదలైననాటికి మన ప్రాంతాన్ని శాతవాహనులు ఏలుతున్నారు. దాన్ని విరవడానికి ఒక్క క్షణం చాలు. విరిచినవారిని చూశాను. ఇంటికి తీసుకుపోయి అద్దాల బీరువాలో పెట్టుకుంటారట. నీరు తగలని ఆ ముక్క పది రోజుల్లో మెరుపు పోయి మామూలు సుద్దరాయిలా ఉంటుంది. అప్పుడు పారేస్తారు.

‘మేము విరవలేదు మాస్టారూ, ఊరికే ముట్టుకున్నాము’ అంటారు కొందరు. చర్మం మీద ఎప్పుడూ పలచని నూనె పొర ఉంటుంది. నమ్మకపోతే కిటికీ అద్దం మీద వేలు నొక్కి చూడండి. ఆ నూనె రాతికి అంటితే అక్కడ నీరు పరుచుకోదు, పూసలా జారిపోతుంది. నీరు తడపని చోట కార్బొనేటు సరిగా పేరుకోదు. పైగా ఆ జిడ్డు దుమ్మును పట్టుకుంటుంది. గుహలో నడకదారి పక్కన, సరిగ్గా చేయి అందే ఎత్తులో, రాళ్లు నల్లగా నున్నగా ఉండడం గమనించండి. ఒక్కొక్కరు ఒక్కసారే ముట్టుకున్నారు. కాని లక్షలమంది ముట్టుకున్నారు. దీన్ని ఇంట్లో పరీక్షించడం తేలిక. పాలిష్ చేయని పాలరాతి ముక్కలో సగానికి కొద్దిగా కొబ్బరినూనె రాసి తుడిచేసి, రెండు సగాల మీదా నీటి చుక్కలు వేయండి. చుక్కల ఆకారం చూస్తే చాలు.

ముట్టుకోకుండా ఊరికే నిలబడినా మనం గుహలో కొంత మార్పు తెస్తాము. మనం విడిచే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు సుమారు 4 శాతం. బయటి గాలిలో 0.04 శాతం. అంటే నూరు రెట్లు! ఊపిరిలోని ఆవిరి చల్లని గోడలమీద తేమగా దిగుతుంది. ఆ తేమలో ఈ వాయువు కరిగితే ఏమవుతుంది? మీ నాళికలో తెలుపు విరిగిన ఘట్టం గుర్తు చేసుకోండి. పేరుకోవలసిన చోట కరగడం మొదలవుతుంది. దీనికి తోడు, ఊరికే నిలబడిన మనిషి ఒంటినుంచి పాతకాలపు 100 వాట్ల బల్బు ఇచ్చేంత వేడి వస్తుంది.

ఫ్రాన్సు దేశంలో లాస్కో అనే గుహ ఉన్నది. దాని గోడలమీద సుమారు 17,000 సంవత్సరాల నాటి ఎద్దుల, గుర్రాల బొమ్మలు ఉన్నాయి. 1940లో నలుగురు కుర్రవాళ్లు దాన్ని కనుగొన్నారు. 1948 నుంచి జనాన్ని పంపడం మొదలుపెట్టారు. రోజుకు వెయ్యిమందికి పైగా వచ్చేవారు. పదిహేనేళ్లు తిరగకుండా గోడలమీద ఆకుపచ్చని శైవలాలు, తెల్లని కాల్సైటు పొర కనిపించాయి. 1963లో ఆ దేశ ప్రభుత్వం గుహను జనానికి మూసివేసింది. తరువాత పక్కనే అచ్చం అలాంటి నకలు గుహ కట్టి, 1983లో దాన్ని చూపడం మొదలుపెట్టారు. డబ్బు వచ్చే గుహను మూయడానికి ఎంత గుండె కావాలి! బొర్రాను మూయమని నేను అనడం లేదు. ఇక్కడ కప్పులో కన్నం ఉన్నది, ద్వారం పెద్దది, గాలి ఆడుతుంది. లాస్కోకు వచ్చిన ముప్పు అంతగా ఇక్కడికి రాదు. కాని ఒకేసారి ఎంతమందిని లోపలికి పంపవచ్చునో, లోపలి గాలిలో వాయువు ఎంత పెరిగితే తలుపు దగ్గర ఆపాలో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. కొలిచే పరికరం చేతిలో పట్టేంత చిన్నది. సెలవు రోజున వచ్చినవారందరికీ టికెట్టు ఇవ్వడమే గొప్ప అనుకునేవారికి ఈ లెక్క రుచించదు.

దీపాల సంగతి ఇంకొకటి. గుహలో చీకటి కాబట్టి అక్కడ పచ్చని మొక్క పెరగదు. దీపం పెట్టండి, వెలుగు వచ్చింది. తేమ ఎలాగూ ఉన్నది. వాయువు మనం ఇస్తున్నాము. కిరణజన్య సంయోగక్రియకు ఇంకేం కావాలి? దీపం చుట్టూ గోడమీద పచ్చని మచ్చ ఏర్పడుతుంది. అది శైవలాలదీ, నాచుదీ. అవి విడిచే ఆమ్లాలు రాతిని తినేస్తాయి. మీరు వచ్చినప్పుడు దీపాల పక్కన ఆ మచ్చల కోసం వెతకండి. మందు లేని జబ్బు కాదిది. వేడి తక్కువ ఇచ్చే ఎల్ఈడీ దీపాలు, గోడకు దూరంగా, మనుషులు వచ్చినప్పుడే వెలిగేలా పెడితే చాలావరకు తగ్గుతుంది. ఈ సంగతి వివరంగా రాసి ఒక కార్యాలయానికి ఉత్తరం పంపాను. ‘మీ సూచన పరిశీలనలో ఉన్నది’ అని జవాబు వచ్చింది. రెండేళ్ల తరువాత మళ్లీ రాశాను. మొదటి జవాబు నకలే వచ్చింది, తేదీ మాత్రం మార్చారు.

గబ్బిలాల గురించి ఒక్క మాట. ప్రతిధ్వని వినడానికి ఈలలు వేసేవారికి, అక్కడ తలకిందులుగా నిద్రపోతున్న జీవాలు ఉన్నాయన్న ధ్యాస ఉండదు. చాలా జాతుల గబ్బిలం ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. బెదిరి గుంపు ఎగిరిపోతే, ఆ సంఖ్య మళ్లీ పెరగడానికి చాలాకాలం పడుతుంది. గుహలో వెలుగు లేదు కాబట్టి, అక్కడి పురుగులకు గబ్బిలాల పెంటే ముఖ్యమైన ఆహారం.

ఇంతవరకు గుహ లోపలి సంగతి. గుహ ప్రాణం మాత్రం లోపల లేదు, పైన ఉన్నది. చెట్ల వేళ్లు లేకపోతే మట్టిలో వాయువు లేదు. మట్టి కొట్టుకుపోతే నీరు ఇంకదు. నీరు ఇంకకపోతే చుక్క లేదు. కొండమీద అడవి కొట్టేస్తే కింద స్టాలక్టైటు పెరగడం ఆగిపోతుంది. ఈ మాట గుర్తుంచుకుని తరువాతి సంగతి చదవండి.

ఇది రాజ్యాంగంలోని అయిదవ షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతం. ఇక్కడి భూమిని గిరిజనేతరులకు బదలాయించరాదని 1/70 అని అందరూ పిలిచే చట్టం చెబుతున్నది. అయినా ఇదే బొర్రా పంచాయతీలో గనులు తవ్వుకోవడానికి ప్రభుత్వమే బయటి కంపెనీలకు లీజులు ఇచ్చింది! రాయి పేల్చడానికి మందుగుండు పెడితే పొరుగున ఉన్న పగుళ్ల శిలకు ఏమవుతుందో, పైమట్టి తవ్వి పోస్తే నీటిదారి ఎటు మళ్లుతుందో కాగితం మీద సంతకం చేసినవారు ఆలోచించినట్లు కనబడదు. సమత అనే స్వచ్ఛంద సంస్థ గిరిజనుల పక్షాన న్యాయస్థానానికి వెళ్లింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఆ లీజులు చెల్లవని తీర్పు చెప్పింది. చట్టంలో ‘వ్యక్తి’ అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని తేల్చింది. భూమి హక్కు కోసం నడిచిన వ్యాజ్యమే అయినా, నా దృష్టిలో అది ఈ కొండల నీటిచుక్కకూ మేలు చేసిన తీర్పు.

యాత్రికులు ఈమధ్య బాగా పెరిగారు. 2017లో విశాఖ నుంచి అరకుకు అద్దాల పెట్టె తగిలించిన రైలు మొదలయ్యాక మరీను. మంచిదే. బొంగులో చికెన్ అమ్ముకునే గిరిజన కుటుంబాలకు ఆ నాలుగు నెలల రాబడే ఏడాదికి ఆధారం. నా బాధ వచ్చేవారి మీద కాదు, వదిలి వెళ్లే వాటిమీద. నీళ్ల సీసాలు, చిరుతిండి సంచులు, గాజుపెంకులు. గుహ దగ్గర కోతులు ఎక్కువ. వాటికి చిప్స్ వేసి ఫోటో తీసుకుంటారు. రెండో రోజునుంచి అవి పిల్లల చేతుల్లోంచి సంచులు లాక్కోవడం నేర్చుకుంటాయి. ఇక చెత్తకుండీలు. మూతలు లేని కుండీలు పెట్టించినవారు ఎవరో గాని, కోతి అనే జంతువును ఎన్నడూ చూసి ఉండరు! తెల్లవారేసరికి కుండీలోని చెత్తంతా లోయలో ఉంటుంది.

లోయలో గోస్తని. ఆ నది దిగువన తాటిపూడి జలాశయంలోకి చేరుతుంది. విశాఖపట్నానికి మంచినీరు వెళ్లే జలాశయాల్లో అది ఒకటి. అక్కడినుంచి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మీ పటంలో ఈ దారిని పెన్సిలుతో గీసి చూడండి.

మీరు బొర్రాకు రాదలచుకుంటే డిసెంబరు, జనవరి నెలల్లో సెలవురోజు వద్దు. వానలు వెనుకపట్టిన అక్టోబరు మొదట్లో, వారం మధ్యలో రండి. ఒక వాచీ, నోటు పుస్తకం తెచ్చుకోండి. నడకదారికి దగ్గరగా చుక్కలు కారే స్టాలక్టైటు ఒకటి ఎంచుకుని, నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో మూడుసార్లు లెక్కించి సగటు తీయండి. కింద స్టాలగ్మైటు ఉన్నదా, దాని కొన సన్నగా ఉన్నదా, బల్లపరుపుగా ఉన్నదా రాసుకోండి. చుక్క ఎంత ఎత్తునుంచి పడుతున్నదో కంటితో అంచనా వేయండి. మార్చిలో మీ మిత్రులెవరైనా వస్తుంటే అదే చుక్కను లెక్కపెట్టి రమ్మని చెప్పండి. రెండు సంఖ్యలూ పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకు వచ్చిందో కొండమీది వానతో, అడవితో పోల్చి తరగతిలో చర్చించండి.