వైద్య కళాశాల వాకిట్లో: అర్హతలు, ఖర్చులు, కాలం

మన తెలుగువారి సమావేశాలలో భోజనాల వరుసలో నిలబడినప్పుడు తరచుగా వినవచ్చే ప్రశ్న ఒకటున్నది: "మీ అమ్మాయి మెడిసిన్‌కు వెళుతోందటగా, ఎంతవుతుందండీ?" సమాధానం చెప్పేవారు సాధారణంగా నాలుగేళ్ళ ఫీజు చెబుతారు. అసలు దరఖాస్తుకే ఎంత అవుతుందో, ఏ అర్హతలు కావాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేవారు తక్కువ. నేను వైద్యుడను కాను, రసాయనశాస్త్ర పరిశోధకుడను. అయితే మా అమ్మాయి 2024లో దరఖాస్తు చేసినప్పుడు, ప్రయోగశాలలో నోటుపుస్తకం వ్రాసుకునే అలవాటు కొద్దీ, ప్రతి ఖర్చునూ ప్రతి తేదీనీ వ్రాసి ఉంచాను. ఆ పుస్తకమే ఈ వ్యాసానికి ఆధారం.

రసాయన చర్యలో ఒక చిన్న సూత్రమున్నది. రెండు మూడు పదార్థాలు కలిసి కొత్త పదార్థం తయారవుతున్నప్పుడు, వాటిలో ఏది ముందుగా అయిపోతుందో అదే ఫలితం ఎంత వస్తుందో నిర్ణయిస్తుంది. మిగిలినవి ఎంత ఉన్నా లాభం లేదు. ఇరవై మందికి సరిపడా అన్నం వండి, పప్పు పదిమందికే వండితే, పప్పన్నం తినేది పదిమందే. వైద్య కళాశాల ప్రవేశం కూడా ఇటువంటిదే. మనం మార్కులను కొలుస్తాము, డబ్బును కొలుస్తాము. ముందుగా అయిపోయే పదార్థం ఆ రెండూ కాకపోవచ్చుననే సంగతి గమనించము. మేమూ గమనించలేదు.

ఒకే పరీక్ష అనే భ్రమ

నా తరం వారికి వైద్యవిద్య అంటే ఎంసెట్. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో మొదలైన ఆ పరీక్షలో వచ్చిన ర్యాంకు ఒక్కటే సీటును నిర్ణయించేది. 2017 నుండి ఆ స్థానాన్ని నీట్ ఆక్రమించినా పద్ధతి మారలేదు. నేను 1995లో ఎంసెట్ వ్రాసి, సీటు రాక, బి.ఎస్సీ.లో చేరి రసాయనశాస్త్రంలోకి వచ్చినవాడను. ఫలితాలు వచ్చిన రోజున మా నాన్నగారు ఏమీ అనలేదు. పత్రిక మడిచి పెట్టి పొలానికి వెళ్ళిపోయారు. ఆ మౌనం నాతోపాటు అమెరికా వచ్చిందని చాలాకాలం తరువాత గాని నాకు తెలియలేదు.

ఇక్కడి పద్ధతి వేరు. ఈ దేశపు వైద్య కళాశాలలు ఒకప్పుడు ఎవరినైనా చేర్చుకునేవి. 1893లో ప్రారంభమైన జాన్స్ హాప్‌కిన్స్ వైద్య కళాశాల, ప్రవేశానికి ముందే డిగ్రీ ఉండాలని నియమం పెట్టింది. 1910లో ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడా దేశాలలోని 155 వైద్య కళాశాలలను పరిశీలించి వెలువరించిన నివేదిక తరువాత, ముందు విజ్ఞానశాస్త్రాల పునాది, ఆ తరువాతనే వైద్యం అనే క్రమం స్థిరపడింది. అందువల్లనే ఇక్కడ వైద్యవిద్య నాలుగేళ్ళ డిగ్రీ తరువాత మొదలవుతుంది. మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సాస్ సిటీ శాఖలోని ఆరేళ్ళ కోర్సు, బ్రౌన్ విశ్వవిద్యాలయంలోని ఎనిమిదేళ్ళ కోర్సు వంటివి హైస్కూలు నుండే తీసుకుంటాయి గాని, వాటిలో స్థానాలు బహు స్వల్పం.

కావలసిన అర్హతలు

కళాశాల కళాశాలకూ నియమాలు కొంత మారినా, సాధారణంగా అడిగేవి ఇవి: ప్రయోగశాలతో కూడిన జీవశాస్త్రం, సాధారణ రసాయనశాస్త్రం, కర్బన రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం ఒక్కొక్క సంవత్సరం, జీవరసాయనశాస్త్రం ఒక సెమిస్టరు, ఇంగ్లీషు, గణితం లేదా గణాంకశాస్త్రం. ఇక్కడ మన పిల్లలు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటున్నది. హైస్కూలులో ఎ.పి. పరీక్షలు వ్రాసి సంపాదించిన క్రెడిట్లను కొన్ని వైద్య కళాశాలలు ఈ అవసరాలకు అంగీకరించవు. ఇండియాలో డిగ్రీ చేసి వచ్చినవారైతే, పెక్కు కళాశాలలు అమెరికాలోనో కెనడాలోనో కొన్నేళ్ళ చదువును కోరతాయి.

తరువాతది ఎంక్యాట్ పరీక్ష. 2015 నుండి అమలులో ఉన్న రూపంలో ఇది నాలుగు భాగాలు, 230 ప్రశ్నలు, విరామాలతో కలిపి సుమారు ఏడున్నర గంటలు. మార్కులు 472 నుండి 528 వరకు ఉంటాయి. ఇటీవలి సంవత్సరాలలో ప్రవేశం పొందినవారి సగటు 511, 512 ప్రాంతంలోనూ, డిగ్రీ సగటు 3.75కు పైననూ ఉంటున్నది. ఈ పరీక్షను ఏడాదిలో మూడుసార్లు, రెండేళ్ళలో నాలుగుసార్లు, జీవితకాలంలో ఏడుసార్లు మాత్రమే వ్రాయవచ్చును. "ఒకసారి వ్రాసి చూద్దాం" అనే ధోరణి ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ప్రతి మార్కూ కళాశాలల కంటబడుతుంది.

ఇవి రెండూ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆసుపత్రులలో రోగుల సమీపంలో గడిపిన కాలం, సమాజసేవ, పరిశోధన, ఆచార్యుల సిఫారసు లేఖలు, 5,300 అక్షరాలకు మించని స్వీయవ్యాసం, పదిహేను వరకు అనుభవాల వివరణ కూడా కావాలి. ఆ స్వీయవ్యాసంలో వారు అడిగేది ఒక్కటే: నీవు వైద్యుడవు కావాలని ఎందుకు కోరుతున్నావు?

ఖర్చుల పట్టిక

మా పుస్తకంలోని లెక్క ఇది. 2024లో ఎంక్యాట్ రుసుము 335 డాలర్లు. ఎం.డి. కళాశాలలలో అత్యధికం ఆమ్‌కాస్ అనే ఒకే కేంద్రం ద్వారా దరఖాస్తులు తీసుకుంటాయి. ఆ సంవత్సరం మొదటి కళాశాలకు 175 డాలర్లు, ఆపైన ఒక్కొక్కదానికి 46 డాలర్లు. దరఖాస్తుదారులు సగటున పద్ధెనిమిది కళాశాలలకు పంపుతారు. మేమూ అంతే పంపాము, 957 డాలర్లయినవి. ఆ తరువాత కళాశాలలు వేరువేరుగా ద్వితీయ దరఖాస్తులు పంపి, ఒక్కొక్కటి సుమారు వంద డాలర్లు అడుగుతాయి. వాటికి 1,610 డాలర్లు. పుస్తకాలు, నమూనా పరీక్షలు, కొన్ని కళాశాలలు కోరే ప్రత్యేక పరీక్షలు కలిపి మరో 400. మొత్తం 3,302 డాలర్లు. శిక్షణ తరగతులలో చేరితే మరి రెండు మూడు వేలు కలుపుకోవాలి. 2020 తరువాత ఇంటర్వ్యూలు చాలావరకు కంప్యూటరు తెరమీదనే జరుగుతున్నందున ప్రయాణాల ఖర్చు బాగా తగ్గింది.

టెక్సస్ నివాసులకు వేరే మార్గమున్నది. అక్కడి ప్రభుత్వ కళాశాలలు తమ సొంత కేంద్రం ద్వారా, ఎన్ని కళాశాలలకైనా ఒకే రుసుముతో దరఖాస్తులు తీసుకుంటాయి. పైగా స్థానాలలో కనీసం 90 శాతం ఆ రాష్ట్ర నివాసులకే. డి.ఓ. పట్టా ఇచ్చే ఆస్టియోపతిక్ కళాశాలలకు మూడవ కేంద్రం. ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాలకు అమెరికా వైద్య కళాశాలల సంఘం రుసుముల మినహాయింపు ఇస్తుంది. అడగడానికి మనవారు మొగమాటపడతారు, పడనవసరం లేదు. అయితే పరీక్షకు పేరు నమోదు చేసుకొనక మునుపే అడగాలి, కట్టిన రుసుము తిరిగి రాదు.

ఇక నాలుగేళ్ళ చదువు. బస, భోజనాలతో కలిపి మధ్యస్థపు అంచనా ప్రభుత్వ కళాశాలలలో సుమారు 2,85,000 డాలర్లు, ప్రైవేటు కళాశాలలలో సుమారు 3,90,000. 2025 జులై 4న అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుండి కొత్తగా చేరే వైద్య విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ ఋణం ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 డాలర్లకు పరిమితం. ఖర్చు ఎంతయితే అంత అప్పుగా ఇచ్చిన పాత పథకం కొత్తవారికి లేదు. మిగిలిన లోటు ఎక్కడ నుండి పూడ్చాలన్నది చేరిన తరువాత కాక, కళాశాలల జాబితా వ్రాసుకునేనాడే కుటుంబమంతా కూర్చుని ఆలోచించవలసిన విషయం. న్యూయార్క్ విశ్వవిద్యాలయం 2018లో, ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాల 2024లో విద్యార్థులందరికీ ట్యూషన్ ఫీజు ఎత్తివేశాయి. కాని అవి అందరికీ అందే ఫలాలు కావు.

ముందుగా అయిపోయేది

ఇప్పుడు మొదట చెప్పిన సూత్రానికి వద్దాము. ఏటా సుమారు 52 వేలమంది ఎం.డి. కళాశాలలకు దరఖాస్తు చేస్తే, చేరేది సుమారు 23 వేలమంది. మిగిలినవారందరూ తెలివి తక్కువవారు కారు. చాలామందికి ముందుగా అయిపోయేది కాలం. దరఖాస్తులు మే నెలాఖరున స్వీకరించడం మొదలవుతుంది. వచ్చినవి వచ్చినట్లు పరిశీలించి, కళాశాలలు ఇంటర్వ్యూ స్థానాలను నింపుకుంటూ పోతాయి. జూన్‌లో పంపిన దరఖాస్తుకూ సెప్టెంబరులో పంపిన దరఖాస్తుకూ గడువు దృష్ట్యా భేదం లేదు, ఫలితం దృష్ట్యా చాలా ఉన్నది.

మా పొరపాటు ఇక్కడే జరిగింది. మా అమ్మాయి హైస్కూలులో ఉండగా ఒక వేసవిలో దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో గణితం కోర్సు ఒకటి చదివింది. హైస్కూలు తరువాతి స్థాయి కోర్సు ఎక్కడ చదివినా అక్కడి మార్కుల పత్రం కేంద్రానికి చేరితే గాని ధ్రువీకరణ మొదలుకాదు. ఆ ఒక్క కోర్సును మేమందరం మరచిపోయాము. సంగతి తెలిసి, పత్రం తెప్పించి, ధ్రువీకరణ పూర్తయ్యేసరికి ఆగస్టు నెల గడిచిపోయింది. మూడు వేల డాలర్లు వెచ్చించిన లెక్కలో, పది డాలర్ల పత్రం ముందుగా అయిపోయిన పదార్థమయింది.

కొందరికి కాలం మరింత క్రూరంగా అయిపోతుంది. ఒక మిత్రుని కుమారుడు నాలుగేళ్ళ వయస్సులో తల్లిదండ్రుల వెంట వచ్చి, ఇక్కడనే పెరిగాడు. తండ్రి హెచ్-1బి మీద గ్రీన్ కార్డు కొరకు వేచి ఉండగా అబ్బాయికి 21 ఏళ్ళు నిండినవి. హెచ్-4 హోదా పోయి విదేశీ విద్యార్థి అయ్యాడు. పెక్కు వైద్య కళాశాలలు విదేశీ విద్యార్థుల దరఖాస్తులను పరిశీలించవు. పరిశీలించేవాటిలో కొన్ని ఏడాదికో నాలుగేళ్ళకో సరిపడా ఫీజు ముందుగానే బ్యాంకులో చూపమంటాయి. కేంద్ర ప్రభుత్వ ఋణానికి అర్హత లేదు. ఇటువంటి కుటుంబాలు పిల్లవాడు హైస్కూలులో ఉండగానే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించాలి. ఏ కళాశాల ఎవరిని తీసుకుంటుందో తెలిపే ప్రవేశ నియమాల సంపుటిని వైద్య కళాశాలల సంఘం ఏటా నవీకరిస్తుంది. దాని చందా ముప్పై డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. దానిని చూడకుండా పద్ధెనిమిది దరఖాస్తులకు డబ్బు కట్టడం తగదు.

రెండవసారి

మా అమ్మాయికి ఆ సంవత్సరం రెండు ఇంటర్వ్యూలు వచ్చి, సీటు రాలేదు. ఆఖరి ఉత్తరం వచ్చిన రోజున నేను కూడా ఏమీ అనలేకపోయాను. మా నాన్నగారు మడిచిన పత్రిక గుర్తుకు వచ్చింది. అప్పుడు అమ్మాయే అన్నది: "నాన్నా, మాట్లాడండి. మీరేమీ అనకపోతే తప్పంతా నాదేననిపిస్తోంది." ఆ రాత్రి నా ఎంసెట్ కథ మొదటిసారి ఆమెకు చెప్పాను. అంతా విని, "అయితే ఈ సీటు ఎవరి కోసం?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆమే చెప్పింది: "నా కోసమే. మళ్ళీ వ్రాస్తాను."

నేను ఉద్యోగం చేసే న్యూజెర్సీకి చేరువలో, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరున్నది. అక్కడి లెడర్లీ ప్రయోగశాలలలో యల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేశారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసులో వైద్యం చదివి, మామగారి సహాయంతోనూ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాతోనూ బోస్టన్ చేరి, చదువు సాగించడానికి ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. ఆ చేతులే తరువాత బోదకాలు వ్యాధికి మందును, క్యాన్సరు చికిత్సకు దారితీసిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేకులను మనకిచ్చిన పరిశోధనలకు నాయకత్వం వహించాయి. రెండుసార్లు తప్పినవాడిని అంతటితో ఆపివేసి ఉంటే ఎంత నష్టమో ఆలోచించండి.

నేడు వైద్య కళాశాలలలో చేరేవారిలో సగానికి పైగా డిగ్రీ తరువాత కనీసం ఒక ఏడాది ఆగి చేరుతున్నవారే. మా అమ్మాయి ఆ ఏడాది ఒక క్లినిక్‌లో వైద్యుల పక్కన కూర్చుని రోగుల వివరాలు వ్రాసే పనిచేసింది. మళ్ళీ దరఖాస్తు చేసినప్పుడు మార్కుల పత్రాలన్నీ మే నెలలోనే చేరినవి. స్వీయవ్యాసాన్ని నాకు చూపలేదు, నేను అడగలేదు.

తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. డబ్బు లెక్క వేయండి, తేదీలు వ్రాసుకోండి, మార్కుల పత్రాలన్నీ ముందుగా తెప్పించండి. అవి మనం సమకూర్చగల పదార్థాలు. పిల్లల కోరిక మాత్రం మనం కొనితెచ్చి కలిపేది కాదు. అది వారి వద్ద ఉన్నదో లేదో మొదటి రుసుము కట్టక మునుపే అడిగి తెలుసుకోండి. అడిగిన తరువాత, వారు చెప్పేది పూర్తిగా వినండి.