పిల్లవాడి పేరున్న పుస్తకం

సారస్వత నికేతనం నీడన పెరిగినవాణ్ణి నేను. వేటపాలెంలో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి గారు 1918లో ఆ గ్రంథాలయం పెట్టకపోతే మాలాంటి వాళ్ళకి చదువు రుచి తెలిసేది కాదు. ఇప్పుడు న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లోని న్యూ లిన్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. రోజూ ఇక్కడి వార్ మెమోరియల్ లైబ్రరీకి వెళ్తాను. ఆక్లాండ్ లైబ్రరీలు 2021లో ఆలస్య రుసుము ఎత్తేశాయి. ఎంత మంచి పని! జరిమానాకు జడిసి గడప తొక్కని ఇళ్ళలోనే కదా పుస్తకం కావలసింది.

కానీ తిరిగి ఇచ్చెయ్యాల్సిన పుస్తకం వేరు, తనదైన పుస్తకం వేరు. ఈ దేశంలో ఆ తేడా పట్టుకున్న మనిషి రచయిత అలన్ డఫ్. తల్లి ఇక్కడి మూలవాసులైన మావోరీల ఆడపడుచు. తెల్లవాడైన తండ్రికి పుస్తకాలే లోకం. స్కూలు నుంచి వెళ్ళగొడితే బాల నేరస్థుల నిర్బంధశాల దాకా వెళ్ళిన డఫ్, 1990లో ‘వన్స్ వర్ వారియర్స్’ నవలతో దేశాన్ని కుదిపేశాడు. 1992లో హేస్టింగ్స్‌లోని కాంబర్లీ స్కూలుకి ప్రసంగించడానికి వెళ్ళాడు. అక్కడి పిల్లల్లో చాలామంది ఇళ్ళలో పుస్తకమన్నదే లేదని అప్పుడు తెలిసింది.

క్రిస్టీన్ ఫెర్నీహో అనే ఆవిడతో కలిసి ఆయన మొదలుపెట్టిన ‘డఫీ బుక్స్ ఇన్ హోమ్స్’ 1995 నుంచి పేద ప్రాంతాల స్కూళ్ళలో నడుస్తోంది. మెయిన్‌ఫ్రైట్ అనే రవాణా కంపెనీ వంటి దాతలు కొంత, ప్రభుత్వం కొంత ఖర్చు భరిస్తాయి. పిల్లలకి ఏడాదికి కనీసం 5 పుస్తకాలు వస్తాయి. ఏవి కావాలో పిల్లలే జాబితా చూసి చెబుతారు. డైనోసార్లు కావాలంటే డైనోసార్లే, రగ్బీ అంటే రగ్బీయే. పుస్తకాలు వచ్చిన రోజు స్కూలంతా సమావేశమవుతుంది. ఆటగాడో, కళాకారుడో వచ్చి తన చదువు సంగతులు చెప్పి, స్వయంగా అందిస్తారు. లోపలి అట్ట మీద పిల్లవాడి పేరు ఉంటుంది.

పిల్లవాణ్ణి అడిగి, వాడి పేరుతో ఇవ్వడం: నన్ను కట్టిపడేసింది ఇదే. మన ఊళ్ళలో దాతలకు కొదవలేదు. బల్లలు కొనిస్తారు, గోడలకు రంగులు వేయిస్తారు, నోటు పుస్తకాలు పంచుతారు. అయితే అట్ట మీద దాత బొమ్మ ఉంటుంది. ఏం ఇవ్వాలో కూడా దాతే తేలుస్తాడు. పిల్లవాణ్ణి ఎవరూ అడగరు. అడిగించుకున్న పిల్లవాడు పుస్తకాన్ని చూసుకునే తీరే వేరని, ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన నా నమ్మకం.

సంక్రాంతికి ఊరు వెళ్తున్నాను. మా స్కూలు పూర్వ విద్యార్థుల సంఘం వాళ్ళు ఈసారి స్కూలుకి వాటర్ ఫిల్టరు అంటున్నారు. అదీ అవసరమే, పెట్టిద్దాం. దాంతోపాటు ఆరో తరగతి వాళ్ళకి కథల పుస్తకాల జాబితా ఒకటి ఇచ్చి, ఎవరికి నచ్చిన దాని పక్కన వాళ్ళనే టిక్కు పెట్టమందాం అని అడగబోతున్నాను.