పూల లెక్క నుంచి సిబిల్ స్కోరు దాకా

1936లో బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ ఒక పూల లెక్క ప్రచురించాడు. అమెరికా వృక్షశాస్త్రవేత్త ఎడ్గార్ ఆండర్సన్ కొలతలు తీసిపెట్టిన ఐరిస్ పూలవి. మొత్తం 150 పూలు, మూడు జాతులు, జాతికి యాభై. ఒక్కో పువ్వుకు నాలుగు కొలతలు: రక్షక పత్రం పొడవు, వెడల్పు, ఆకర్షణ పత్రం పొడవు, వెడల్పు. ఇందులో ఏ ఒక్క కొలతను పట్టుకున్నా దగ్గరి జాతులు కలగాపులగం అయిపోతాయి. ఫిషర్ ఒక్కో కొలతను ఒక్కో అంకెతో హెచ్చవేసి, అన్నీ కలిపి, పువ్వుకొక సంఖ్య కట్టాడు. ఆ అంకెలను సరిగా ఎంచుకుంటే, ఒక జాతి పూలు చాలావరకు ఒక పక్కకు, మరో జాతివి ఇంకో పక్కకు జరుగుతాయని చూపించాడు.

ఇల్లు కట్టుకోవడానికి లోన్ అడిగిన మనిషి ఎదురుగా కూర్చుని బ్యాంకు మేనేజరు తెర మీద చూసే మూడంకెల సంఖ్యకు మూలం ఈ లెక్కే. ఐదేళ్ల తర్వాత, 1941లో, డేవిడ్ డ్యూరాండ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పూల స్థానంలో అప్పులను పెట్టాడు. వాయిదాల మీద ఇచ్చిన వేల అప్పుల వివరాలు తెప్పించి, సక్రమంగా తీరినవి ఒక జాతిగా, మొండిబాకీలు ఇంకో జాతిగా లెక్క వేశాడు. వయసుకు కొన్ని పాయింట్లు, ఉన్న ఇంట్లోనే ఎన్నాళ్లుగా ఉంటున్నారన్నదానికి కొన్ని, బ్యాంకు ఖాతా ఉంటే కొన్ని. అప్పు తీసుకున్నది మహిళ అయితే 0.40 పాయింట్లు, మగవాడైతే సున్నా. మహిళలు మగవాళ్ల కంటే నమ్మకంగా తీరుస్తారని 1941లోనే కాగితం మీద తేలింది. ఆ తర్వాత కూడా మూడు దశాబ్దాల పాటు, చేతినిండా సంపాదిస్తున్న అమెరికన్ మహిళను సైతం అక్కడి బ్యాంకులు భర్త సంతకం తెమ్మని వెనక్కి పంపుతూనే ఉన్నాయి. ఫలితం తేలడానికీ దాన్ని నమ్మడానికీ మధ్య ఎంత కాలం పడుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

అంకెలు రాకముందు అప్పు పుట్టేది మాట మీద. 1837 నాటి ఆర్థిక సంక్షోభంలో వసూలు కాని బాకీలతో దెబ్బతిన్న న్యూయార్క్ పట్టు వ్యాపార కుటుంబానికి చెందిన లూయిస్ టాపన్, 1841లో మర్కంటైల్ ఏజెన్సీ అనే సంస్థ పెట్టాడు. బానిసత్వ నిర్మూలన ఉద్యమంలో ముందు వరసలో నిలిచిన మనిషి ఆయన. ఊరూరా లాయర్లను, పెద్దమనుషులను విలేకరులుగా పెట్టుకుని, ఏ వ్యాపారి ఎలాంటివాడో రాయించి, చందాదారులకు చదివి వినిపించేవాడు. తర్వాతి రోజుల్లో అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ కూడా లాయరుగా ఉన్నప్పుడు ఇలాంటి నివేదికలు రాసినవాడే. ఆ నివేదికలు రాసుకున్న లెడ్జర్లు రెండున్నర వేలకు పైగా హార్వర్డ్ బిజినెస్ స్కూల్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. 1899లో అట్లాంటాలో వూల్‌ఫోర్డ్ సోదరులు పెట్టిన రిటైల్ క్రెడిట్ కంపెనీ ఇదే పనిని మామూలు జనం దాకా తెచ్చింది. తాగుడు, కాపురంలో గొడవలు, ఇరుగుపొరుగు చెప్పుకునే మాటలు, అన్నీ ఫైళ్లలోకి ఎక్కాయి. ఎవరి ఫైల్లో ఏముందో వాళ్లకే తెలియదు, తప్పుంటే దిద్దించుకునే దారి లేదు. జనం తిరగబడ్డాక 1970లో అమెరికా పార్లమెంటు చట్టం చేసింది. కొన్నేళ్లకు ఆ కంపెనీ పేరు మార్చుకుంది. ఇవాళ హైదరాబాద్‌లో ఉన్నవాళ్ల రుణ చరిత్రను కూడా భద్రపరుస్తున్న ఈక్విఫాక్స్ అదే.

స్కోరు కట్టే యంత్రం అసలు పుట్టుక మాత్రం కాలిఫోర్నియాలో. ఇంజినీరు బిల్ ఫెయిర్, గణితజ్ఞుడు ఎర్ల్ ఐజాక్ స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో కలిసి పనిచేసినవాళ్లు. 1956లో మనిషికి 400 డాలర్లు వేసుకుని సొంతంగా కంపెనీ పెట్టారు. 1958లో దేశంలోని 50 పెద్ద రుణ సంస్థలకు ఉత్తరాలు రాశారు: మీ పాత అప్పుల చిట్టా ఇవ్వండి, రేపటి అప్పుల్లో ఏది మునుగుతుందో లెక్క కట్టి చెబుతాం అని. బదులిచ్చింది ఒక్కటే సంస్థ. మనిషి ముఖం చూసి అప్పివ్వడమే తమ విద్య అనుకునే క్రెడిట్ మేనేజర్లకు, ఆ విద్యను ఒక పట్టిక చేసిపెడుతుందంటే మింగుడుపడలేదు.

వాళ్లను ఒప్పించింది ఆ ఇద్దరి మాటకారితనం కాదు, పౌర హక్కుల చట్టం. 1974లో వచ్చిన సమాన రుణావకాశ చట్టం అప్పు ఇచ్చేటప్పుడు ఆడా మగా తేడా, పెళ్లయిందా లేదా అన్న తేడా చూడకూడదంది. రెండేళ్లకు జాతి, మతం కూడా ఆ జాబితాలో చేరాయి. కోర్టులో బ్యాంకు తనను తాను కాపాడుకోవాలంటే, ఏ లెక్కన కాదన్నామో చూపించగలగాలి. మేనేజరు మనసులోని అంచనాను చూపించలేరు, పాయింట్ల పట్టికను చూపించగలరు. డ్యూరాండ్ పట్టికలో మహిళలకు ఇచ్చిన ఆ 0.40 కూడా ఈ చట్టంతో చెల్లకుండా పోయింది. 1989లో ఫెయిర్, ఐజాక్‌ల కంపెనీ నుంచి ఏ బ్యాంకైనా వాడుకోగల సాధారణ ఫైకో స్కోరు వచ్చింది. 300 నుంచి 850 దాకా దాని కొలమానం. 1995లో గృహరుణాల దిగ్గజాలు ఫ్యానీ మే, ఫ్రెడీ మాక్ దాన్ని వాడమనడంతో అమెరికాలో ఇల్లు కొనాలంటే స్కోరు తప్పనిసరి అయింది.

ఇంతకీ ఆ సంఖ్య చెప్పేదేమిటి? మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది దానికి పట్టదు. ఇలాంటి చరిత్ర ఉన్న వందల మందిలో, రాబోయే ఒకటి రెండేళ్లలో ఎందరు బాకీ పడతారన్న సంభావ్యతే అది. స్కోర్‌కార్డులు తయారుచేసేవాళ్లు తరచుగా పాటించే పద్ధతి ఒకటుంది: నిర్ణీత పాయింట్లు, ఉదాహరణకు 20, పెరిగిన ప్రతిసారీ మంచి అప్పులకూ మొండి అప్పులకూ ఉన్న నిష్పత్తి రెట్టింపయ్యేలా కొలమానం కట్టడం. 600 దగ్గర ముప్పై మంది తీరుస్తుంటే ఒకరు ఎగవేస్తున్నారనుకుందాం. 620 దగ్గర అరవై మందికి ఒకరు, 640 దగ్గర నూట ఇరవై మందికి ఒకరు. కింది మెట్లలో ఇరవై పాయింట్లు సంపాదిస్తే బ్యాంకుకు తగ్గే నష్టభయం ఎక్కువ. బాగా పైన, 810 కాస్తా 830 అయితే బ్యాంకుకు ఒరిగేది స్వల్పం. అందుకే మన దేశపు కొలమానంలో గరిష్ఠమైన 900 కోసం ఆరాటపడేవాళ్లను చూస్తే బాధేస్తుంది. 750 దాటాక చాలా బ్యాంకులు మంచి రేటుకే ఇస్తాయి.

భారతదేశానికి ఈ యంత్రం ఆలస్యంగా వచ్చింది. రిజర్వ్ బ్యాంకు నియమించిన సిద్దిఖీ బృందం సిఫార్సుల తర్వాత 2000లో సిబిల్ అనే క్రెడిట్ బ్యూరో ఏర్పడింది. 2005లో ఇలాంటి సంస్థల కోసం చట్టం వచ్చింది. 2007లో బ్యాంకులకు స్కోరు అందింది. మామూలు మనిషి తన స్కోరు తాను చూసుకోగలిగింది 2011 నుంచే. ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఇక్కడి కొలమానం 300 నుంచి 900.

ఈ యంత్రం లేకపోతే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల కన్నా బాగా తెలిసినవాళ్లు దేశంలో లేరు. 2010 నాటికి ఒకే వాడలో నాలుగైదు సూక్ష్మరుణ సంస్థలు వారం వారం కిస్తీలు వసూలు చేసేవి. ఒక సంస్థ ఇచ్చిన అప్పు ఇంకో సంస్థకు తెలిసే మార్గమే లేదు. ఒకరి కిస్తీ కట్టడానికి మరొకరి దగ్గర తీసుకుంటూ, కూలి డబ్బులు ఎన్నడూ తీర్చలేనంత బాకీలో కుటుంబాలు మునిగిపోయాయి. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. 2011 జనవరిలో రిజర్వ్ బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ, ఒకే మహిళకు రెండుకు మించి సంస్థలు అప్పివ్వకూడదని, దాన్ని కనిపెట్టడానికి క్రెడిట్ బ్యూరో కావాలని చెప్పింది. స్కోరంటే లోన్ రాకుండా అడ్డుపడేదని చాలామంది అనుకుంటారు. ఆ పల్లెల్లో మూడో అప్పు, నాలుగో అప్పు రాకుండా అడ్డుపడి ఉంటే ఎన్ని ఇళ్లు నిలిచేవో!

క్రెడిట్ రిపోర్టు తెరిచి చూస్తే కథంతా ఒక గళ్ల పట్టికలో ఉంటుంది. ఒక్కో అప్పు కింద నెలకో గడి చొప్పున ముప్పయ్యారు నెలలు. 000 అంటే ఆ నెల కిస్తీ సమయానికి అందింది. 030 అంటే అప్పటికి ముప్పై రోజులు దాటిపోయింది. ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ అంటే బ్యాంకు ఆ నెల వివరం పంపలేదు. పైన లిమిట్, ప్రస్తుత బాకీ, ఖాతా తెరిచిన తేదీ. చివరి పేజీలో ఎంక్వైరీలు, అంటే ఏ సంస్థ ఏ రోజు ఈ రిపోర్టు అడిగిందన్నది. స్కోరు పుట్టేది వీటి నుంచే. జీతం ఎంత, ఖాతాలో ఎంతుంది, ఫోన్‌పేలో ఎన్ని లావాదేవీలు జరిగాయి, కులమేమిటి, ఏ పార్టీ అన్నవి ఈ లెక్కలోకి రావు. ఈ యంత్రంలో మెచ్చుకోవలసింది అది చూడకుండా వదిలేసేవాటినే.

గుణకాల సంగతికొస్తే, ఫైకో తన లెక్కను స్థూలంగా బయటపెట్టింది. చెల్లింపుల చరిత్రకు 35 శాతం, ఉన్న బాకీలకు 30, చరిత్ర ఎంత పాతదన్నదానికి 15, కొత్త అప్పులకు 10, అప్పుల రకాలకు 10. మన దగ్గరా చూసే అంశాలు దాదాపు ఇవే.

కాబట్టి మొదటి పని కిస్తీ తప్పకపోవడం. జీతం పడిన మర్నాటికి ఆటో డెబిట్ పెట్టుకున్నవాళ్లకు సగం పని అయిపోయినట్టే. కార్డు బిల్లు గడువు ఒకటి రెండు రోజులు దాటిందని కంగారు పడనక్కర్లేదు, మూడు రోజులు దాటితేనే బాకీగా చూపాలని రిజర్వ్ బ్యాంకు 2022లో నిర్దేశించింది. మినిమమ్ డ్యూ కట్టినా గడిలో 000 పడుతుంది, నిజమే. కానీ మిగతా సొమ్ము మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పెరుగుతూ పోతుంది, బాకీ లిమిట్‌ను తాకుతుంది, స్కోరు మరో దారిన పడిపోతుంది.

ఆ మరో దారి చాలామందికి తెలియదు. లక్ష రూపాయల లిమిట్ ఉన్న కార్డు మీద నెలకు ఎనభై వేలు వాడి, గడువులోపు పైసాతో సహా కట్టేవాళ్లకు కూడా స్కోరు తగ్గవచ్చు. బ్యాంకు సాధారణంగా బ్యూరోకు పంపేది స్టేట్‌మెంట్ రోజు నాటి బాకీని. లిమిట్‌లో 30 శాతం లోపు వాడమనేది అందుకే. పెళ్లి ఖర్చో, కాలేజీ ఫీజో పడిన నెలలో స్టేట్‌మెంట్ రాకముందే కొంత కట్టేస్తే సరిపోతుంది. పాత కార్డును, వార్షిక రుసుము లేకపోతే, మూసేయకపోవడం మేలు. వారంలో అయిదారు యాప్‌లలో లోన్‌కు అప్లై చేస్తే చివరి పేజీలో అయిదారు ఎంక్వైరీలు చేరి, డబ్బుకు బాగా ఇబ్బందిలో ఉన్నారని లెక్క తేలుతుంది. తన రిపోర్టు తాను చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు.

సెటిల్‌మెంట్ గురించి గట్టిగా చెప్పాలి. లక్ష బాకీకి నలభై వేలు కట్టండి, మాఫీ చేస్తాం అని రికవరీ ఏజెంటు చెప్పినప్పుడు, ఖాతా మూతపడుతుంది గానీ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడి ఏళ్ల తరబడి ఉంటుంది. వీలైనంతవరకు పూర్తిగా కట్టి ‘క్లోజ్డ్’ అనిపించుకోవాలి, నో డ్యూస్ లెటర్ తీసుకోవాలి. బావమరిదికి హామీ సంతకం పెట్టినవారి రిపోర్టులోనూ ఆ అప్పు కనిపిస్తుంది, అతడు కట్టకపోతే బాధ్యత వీరిది. పంట రుణాల సంగతీ అంతే. మాఫీ వస్తుందని కట్టడం ఆపితే, ఆ డబ్బు ఖాతాలో జమ అయ్యేదాకా బ్యాంకు లెక్కలో అది బాకీయే. ఈ ముక్క రైతుకు ముందే చెప్పాల్సిన బాధ్యత మాఫీ ప్రకటించేవాళ్లది.

ఇంత శ్రమా దేనికంటే: 30 లక్షల గృహరుణం ఇరవై ఏళ్లకు 8.5 శాతం వడ్డీకి తీసుకుంటే నెల కిస్తీ దాదాపు 26,035 రూపాయలు. స్కోరు తక్కువై 9.5 శాతం పడితే 27,964. నెలకు తేడా రెండు వేల లోపే, ఇరవై ఏళ్లలో 4 లక్షల 63 వేలు.

చరిత్రే లేనివాళ్ల అవస్థ వేరు. అప్పు ఎరగని మనిషికి సిబిల్‌లో కనిపించేది -1. అలాంటివాళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీగా పెట్టి చిన్న కార్డు తీసుకుని మొదలుపెట్టవచ్చు. గుంటూరు నుంచో వరంగల్ నుంచో అమెరికా వెళ్లిన విద్యార్థి దాదాపు ఇదే పని అక్కడ మళ్లీ చేయాలి. ఇక్కడ తండ్రి స్కోరు 800 ఉన్నా, తనదే 780 ఉన్నా, సముద్రం దాటాక సాధారణంగా లెక్కలోకి రాదు. కొన్ని వందల డాలర్ల డిపాజిట్‌తో సెక్యూర్డ్ కార్డు తీసుకుని, నెలనెలా పూర్తిగా కడుతూ సున్నా నుంచి కట్టుకోవాలి. భారతదేశంలో చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలిసారి అప్పు అడిగేవాళ్లను తిరస్కరించవద్దని రిజర్వ్ బ్యాంకు చెప్పింది.

ఇక తప్పుల సంగతి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పరిశీలించినప్పుడు ప్రతి అయిదుగురిలో ఒకరి రిపోర్టుల్లో ఏదో ఒక తప్పు కనిపించింది. మన దగ్గర ఇంటిపేర్లు, ఇనీషియళ్లు ఒక్కో పత్రంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి, ఒకే పేరున్న వేరొకరి అప్పు వచ్చి చేరే ప్రమాదం చిన్నది కాదు. 2017 నుంచి నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి స్కోరుతో సహా పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పక్షానికొకసారి వివరాలు పంపాలి. తప్పు కనిపిస్తే బ్యూరో వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు నమోదు చేయవచ్చు, బ్యాంకుకూ రాయవచ్చు. ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాతి ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు చెల్లించాలన్న నిబంధన 2024 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అందుకే ఫిర్యాదు నంబరు, తేదీ రాసిపెట్టుకోవడం మర్చిపోకూడదు.