పాట తెలుగు.. రాత తమిళం

చెన్నై: నాట్యం క్లాసుకెళ్లే పిల్లల నోటు పుస్తకం తిరగేస్తే క్షేత్రయ్య పదం తమిళ లిపిలో కనిపించడం ఇక్కడ మామూలే. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలదీ అదే దారి. 2006లో వచ్చిన చట్టంతో బడిలో తమిళం మొదటి భాషైంది. తెలుగు ఐచ్ఛికంగా మిగిలింది.

భరతనాట్యం నేర్చినా తెలుగు తప్పదు. పదాలు, జావళీలు చాలామటుకు మనవే. అయితే పాట గాయకులు చూసుకుంటారు, నర్తకి అభినయిస్తే చాలు. వెంపటి చినసత్యం 1963లో ఈ నగరంలోనే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి తీర్చిదిద్దిన నాట్యానిది వేరే లెక్క. భామాకలాపంలో తెరమీదుగా జడ వేసే సత్యభామ తానెవరో తన నోటితోనే చెప్పుకోవాలి. మాధవితో మాటకు మాట అనాలి.

చిక్కంతా అక్కడే. ఇత్తడి పళ్లెం అంచుమీద నిలిచి తరంగం ఆడటం సాధనతో వస్తుంది. తమిళ లిపిలో మాత్రం ప, బ, భలకు ఒకటే అక్షరం. ఆదమరిస్తే భామ కాస్తా ‘పామ’ అయి కూర్చుంటుంది!

పెద్దవాళ్ల బ్యాచ్‌లో చేరే అమ్మలకు అడుగు ఆలస్యంగా పడినా, తెలుగు చదవడం వస్తే మాట చప్పున పట్టుబడుతుంది. ఇంటికెళ్లి పిల్లలతో ఆ సంభాషణలు పలికించేదీ వాళ్లే.